బొడ్డుసంచితో బాలి

ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరికి డెబ్భై దాటాయి, దేశం కాని దేశం వెళ్ళి నిండా మోసపోయి వస్తారని చైతన్యపురిలో మా వీధి మొత్తం ముందే తేల్చేసింది. వాళ్ళ మాట సగం నిజమైంది. మోసపోయాం. అయితే చూడాలని వెళ్ళినదాన్ని చూసే వచ్చాం. ఈ రెండో సగం వినే ఓపిక మా వీధిలో ఎవరికీ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బాలి వెళ్ళాలనుకునేవాళ్ళు చదవండి. భయపడి మానుకోవాలనుకునేవాళ్ళు ఇంకా శ్రద్ధగా చదవండి.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం ఉంది. మా అత్తమ్మ నర్సమ్మది పోచంపల్లి దగ్గరి పల్లె, నేత ఇల్లు. పోచంపల్లి చీర మీద కనిపించే పువ్వులూ గళ్ళూ అచ్చు వేసినవి కావు. నేయకముందే నూలును లెక్క ప్రకారం గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ కట్టడాన్నే చిటికి కట్టడం అంటారు. మగ్గం మీద కూర్చున్న మామయ్యకు మంచి నేతగాడని పేరు వచ్చింది, ఒకసారి శాలువా కూడా కప్పారు. వెనక గదిలో కూర్చుని నలభై ఏళ్ళు చిటికి కట్టిన అత్తమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. మంట నాకే.

కిందటేడు నా ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. బాలి ద్వీపంలో తెంగనన్ అనే ఊరు. వసారాలో ఒక ముసలామె నూలు కడుతోంది. అత్తమ్మ ఫోన్ లాక్కుని మూడుసార్లు చూసింది.

"గీమె ఎవరే? మనోళ్ళా?"

"కాదు అత్తమ్మా, బాలి అని, సముద్రం అవతల."

"పడుగు కడ్తది, పేక కూడ కడ్తది. అచ్చం మన లెక్కనే. జర దగ్గరి నుంచి ఆమె చేతులు చూడాలె బిడ్డా."

పెళ్ళయి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను రోజురోజుకూ మసకబారుతోంది. చూపు ఉన్నప్పుడే తీసుకెళ్ళాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఇక నా తెలివితక్కువతనం సంగతి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్ పైన మొదటి అంతస్తులో ఒక టూర్ల ఆఫీసు ఉంది. ఏసీ, సోఫా, గోడకు విమానం బొమ్మ. ఏజెంటుకు ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే "రాండ్రి వదినా" అన్నాడు. మాది ఏ ఊరో అడిగి, "అరె, మా అమ్మమ్మది గదే ఊరు! పోచమ్మ గుడి పక్క సందుల మూడో ఇల్లు" అన్నాడు. అంతే, నేను పడిపోయాను. విమానం టికెట్లు, వీసా సలహా, ఐదు రాత్రులు హోటలు, రోజూ గైడుతో కారు, అందులో ఒక రోజు తెంగనన్ ఊరు, అన్నీ కలిపి ఇద్దరికీ ఒక లక్షా పదిహేను వేలు అన్నాడు. నగదు ఇచ్చాను. రసీదు అడగలేదు.

ఎందుకు అడగలేదో మా నేత ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా దగ్గర నూలు ఇచ్చేవాడూ చీర తీసుకునేవాడూ అందరూ మనవాళ్ళే. లక్షల సరుకు నోటి మాట మీద చేతులు మారుతుంది. కాగితం అడిగితే నిన్ను నమ్మడం లేదని ముఖం మీద అన్నట్టే. దుకాణంలో బయటివాళ్ళు వస్తే ప్రతి పైసాకూ బిల్లు రాసే నేను, మనవాడు అనగానే కలం మూసేశాను. ఫోన్‌కు రంగురంగుల వోచరు పంపితే చాలనుకున్నాను. విమానం టికెట్లు మాత్రం విమాన సంస్థ సైట్‌లో నంబరు కొట్టి సరిచూసుకున్నాను, అవి అసలువే. హోటల్‌కు కూడా ఒక్క ఫోన్ చేసి ఉంటే పది నిమిషాల పని. చేయలేదు.

సోమవారం తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాం. అత్తమ్మ నడుముకు బొడ్డుసంచి కట్టింది. పాత చీర ముక్కతో తానే కుట్టుకున్నది. పాస్‌పోర్టులూ డాలర్లూ అందులోనే. భుజానికి గుడ్డ సంచిలో సకినాలు, నీళ్ళ సీసా, కళ్ళద్దాలు. పక్క సీట్లో అల్మాస్‌గూడ ఆయన ఒకరు దుబాయ్ వెళ్తున్నారు. "మొగోళ్ళు ఎవ్వరు లేకుంటనే పోతున్నరా?" అని పరేషాన్ అయిపోయాడు. "మొగోళ్ళకు సెలవు దొర్కలే" అంది అత్తమ్మ, కిటికీలోంచి చూస్తూనే.

ఎయిర్‌పోర్టు తనిఖీలో ఆడ పోలీసు బొడ్డుసంచి విప్పించి సన్నగా కోసిన నల్ల రబ్బరు ముక్కల చుట్ట బయటికి తీసింది. ఇదేందమ్మా అని అడిగింది. "సైకిల్ ట్యూబు ముక్కలు" అంది అత్తమ్మ. మా దగ్గర చిటికి కట్టేది వాటితోనే. ఆ పోలీసమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, సైకిల్ ఏదని అడగకుండా పంపేసింది.

బెంగళూరులో విమానం మారి, అక్కడి నుంచి దాదాపు ఏడు గంటల ప్రయాణం. మా పక్కన ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డ విజయవాడ టీచరమ్మ కూర్చుంది. అంతకుముందు రెండుసార్లు బాలి వెళ్ళిందట. "బయట ఎవడు పిలిచినా పలక్కండి. లోపల కౌంటర్లోనే టాక్సీ తీసుకోండి. సంచి రోడ్డు వైపు భుజానికి మాత్రం వేసుకోకండి, బండి మీద వచ్చి లాక్కుపోతారు" అని చెప్పింది. మూడు మాటలూ బంగారం. మొదటి రెండూ పాటించాం.

బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. దిగేసరికి అక్కడ రాత్రి ఏడు. వీసా రుసుము మనిషికి ఐదు లక్షలు అనగానే అత్తమ్మ ఆగిపోయింది. "ఐదు లచ్చలా? వీసానా, ఇల్లా?" అంది. వాళ్ళ రూపాయలు మన ఒక రూపాయికి నూట ఎనభై పైన వస్తాయని, మన లెక్కలో మూడు వేల లోపేనని చెప్పేవరకు ఆమె కదల్లేదు. లోపలి కౌంటర్లో టాక్సీ తీసుకుని కుటా అనే చోట హోటల్‌కు చేరాం. గది బాగుంది. పడుకున్నాం.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు గైడు కారుతో వచ్చాడు. మేము బయలుదేరుతుంటే హోటల్ కౌంటర్ మనిషి, "సామాను కూడా దించేయండి మేడమ్, పన్నెండుకు గది ఖాళీ చేయాలి" అన్నాడు. ఐదు రాత్రులు కదా అని వోచరు చూపించాను. అతను కంప్యూటరు నా వైపు తిప్పాడు. డబ్బు కట్టింది ఒక్క రాత్రికే. తనకూ కట్టింది ఒక్క రోజుకేనని గైడు అన్నాడు. ఏజెంటుకు ఫోన్ చేశాను, మోగింది. మళ్ళీ చేశాను, మోగింది. మూడోసారికి స్విచ్ఛాఫ్.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"నేను చెప్పలే? ఇగ చాలు, వాపస్ రాండ్రి. టికెట్ మారుస్త" అన్నాడు.

అత్తమ్మ ఫోన్ తీసుకుంది. "నేను ఆమె చేతులు చూడంది రాను. నువ్వు దుకాణం జల్ది తెరువు, గిరాకి పోతది" అని పెట్టేసింది. ఆ మాటతో నాకు నడుము నిలబడింది. ఎవడో మోసం చేశాడని మనం తిరిగి వచ్చేస్తే వాడు మన డబ్బుతో పాటు మన ప్రయాణం కూడా కాజేసినట్టే. డబ్బు పోతే పోయింది, ప్రయాణం ఇవ్వదలచుకోలేదు.

గైడు మమ్మల్ని నలభై నిమిషాలు తిప్పి రోడ్డు పక్కన పెద్ద షోరూమ్ ముందు దింపాడు. ఇదే నేత ఊరు అన్నాడు. లోపల ఒక మగ్గం, దాని ముందు ముస్తాబైన అమ్మాయి, ఫొటోల కోసం తల తిప్పి నవ్వుతోంది. చుట్టూ గుట్టలుగా గుడ్డలు. అన్నీ చేనేతే, అన్నీ దారం కట్టి రంగు వేసినవే అని అమ్మకందారు చెప్పాడు. ధర విని నవ్వొచ్చింది.

నేను గుడ్డ తిరగేశాను. వెనక పాలిపోయి ఉంది. అచ్చు గుడ్డ. చిటికి కట్టి నేసినదైతే రంగు పోగులోనే ఉంటుంది, రెండు వైపులా ఒకటే ముఖం. ఇది తెలియడానికి నేతవాళ్ళింట్లో పుట్టక్కర్లేదు, ఎక్కడ గుడ్డ కొన్నా ఒకసారి తిరగేయండి చాలు. ఇంకోటి తిరగేశాను. అదీ అంతే. అమ్మకందారు వచ్చి నా చేతిలోంచి గుడ్డ మెల్లగా తీసుకుని మడతపెట్టాడు.

అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మగ్గం మీదికి వంగింది. పడుగు మీద వేలు పెట్టి రాసి నాకు చూపించింది. దుమ్ము. "నెల దినాల నుంచి గీ మగ్గం మీద పోగు కదల్లే" అంది. కార్డు తీయమని నన్ను అడుగుతున్న మనిషికి ఆ వేలే చూపించి బయటికి నడిచింది.

అసలు తెంగనన్ తీసుకెళ్ళమని గైడును అడిగాను. ముందు దూరం అన్నాడు. తర్వాత ఇవాళ ఊరు మూసి ఉందన్నాడు. ఊరు ఎలా మూస్తారని అడిగితే పండగ అన్నాడు. ఏ పండగ అంటే ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. మీకూ ఎవరైనా మీరు వెళ్ళే చోటు ఇవాళ మూసి ఉందని చెబితే, చెప్పేవాడికి దాంట్లో ఏం లాభమో ముందు చూసుకోండి. మూడింటికి మమ్మల్ని హోటల్ దగ్గర సామానుతో వదిలేసి వెళ్ళిపోయాడు.

పెట్టెలు హోటల్‌లోనే ఉంచి చవక గది వెతకడానికి బయలుదేరాం. టీచరమ్మ చెప్పిన మూడో మాట అప్పుడే మరిచిపోయాం. అత్తమ్మ గుడ్డ సంచి రోడ్డు వైపు భుజానికే ఉంది. వెనక నుంచి స్కూటరు వచ్చింది, సంచి పోయింది. ఆమె పడలేదు, అదే పదివేలు. నేను అరుస్తూ ఇరవై అడుగులు పరిగెత్తి ఆగిపోయాను.

అత్తమ్మ నడుము తడుముకుంది. పాస్‌పోర్టులున్నాయి, డాలర్లున్నాయి. "వాడు సకినాలు తిననీ. పండ్లు గట్టిగుంటే" అంది. నేను నవ్వబోయాను. అంతలో ఆమె ముఖం మారింది. "అద్దాలు" అంది.

అవి ఆపరేషన్ తర్వాత కొలిచి చేయించినవి. అక్కడి దుకాణంలో రెడీమేడ్ అద్దాలు రెండు మూడు పెట్టి చూశాం, కళ్ళు తిరుగుతున్నాయంది. దూరపు మనుషులు, చెట్లు, బండ్లు కనిపిస్తాయి. చేతిలో ఉన్న దారం కనిపించదు. ఆమె ఇంత దూరం వచ్చిందే దారం చూడ్డానికి. రోడ్డు పక్కన నిలబడి నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఏజెంటు మీద కోపం, స్కూటరువాడి మీద కోపం, అన్నింటికంటే నా మీద నాకు కోపం. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి కాగితం రాయించుకున్నాం. ఈసారి కాగితం తీసుకోకుండా లేవలేదు.

సాయంత్రం ఆరుకు ఒక సందులో కెతుత్ అనే ఆమె ఇంట్లో గది దొరికింది. రాత్రికి మూడు లక్షలు, మన పదహారు వందలు. ముందు గది చూశాం, తర్వాత డబ్బు ఇచ్చాం, ఆమె అడగకుండానే రసీదు రాసిచ్చింది. దాన్ని అత్తమ్మ మడతపెట్టి బొడ్డుసంచిలో దాచుకుంది. మా సంగతంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే, తన చెల్లెలి కొడుకు వయన్‌కు కారు ఉందని, రోజంతా ఏడు లక్షలకు తెంగనన్ తీసుకెళ్తాడని చెప్పింది. నేను వెంటనే సరే అనలేదు. ఇంకో ఇద్దరు డ్రైవర్లను ధర అడిగాను. ఒకరు తొమ్మిదన్నారు, ఒకరు పది. అప్పుడు సరే అన్నాను. నమ్మాలి, అడిగి నమ్మాలి.

బుధవారం మిగిలిన డాలర్లు మార్చుకోవడానికి వెళ్ళాం. ఒక చిన్న గూడులో బోర్డు మీద అందరికంటే ఎక్కువ ధర రాసి ఉంది. ఆ మనిషి నోట్లు పది పది చొప్పున పేర్చాడు, నా ముందే లెక్కపెట్టాడు, సరిపోయింది. మళ్ళీ తన వైపు జరుపుకుని అంచులు సరిచేసి ఇచ్చాడు. పదిహేనేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని. చివరగా లెక్కపెట్టిన చెయ్యి నాదే కావాలి. అక్కడే నిలబడి మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగు నోట్లు తక్కువ. అతను పొరపాటన్నాడు, కమిషన్ అన్నాడు, ఆఖరికి గొంతు పెంచాడు. నేను అంతకంటే పెంచాను, దిల్‌సుఖ్‌నగర్‌లో దసరా గిరాకీని అదుపు చేసే గొంతు. నా డాలర్లు నాకు తిరిగొచ్చాయి. పక్క వీధిలో బ్యాంకులో కొంచెం తక్కువ ధరకు మార్చుకున్నాం, రసీదుతో.

గురువారం ఏడున్నరకు వయన్ వచ్చాడు. కాఫీ, అరటిపండ్లు కెతుత్ ఇంట్లోనే. తొమ్మిదింబావుకు తెంగనన్ చేరాం. ఊరి ముందు చందా ఇచ్చి పేర్లు రాయించుకున్నాం. ఊరు మూసి లేదు. రాళ్ళు పరిచిన వెడల్పు వీధి, రెండు వైపులా తాటాకు కప్పుల ఇళ్ళు, బుట్టల కింద కోళ్ళు. ఒక ఇంటి గుమ్మంలో ఆరేసిన గుడ్డ తిరగేశాను. రెండు వైపులా ఒకటే ముఖం.

మూడో ఇంటి వసారాలో ఒక ముసలామె నూలు కడుతోంది. వీడియోలోని ఆమె కాదు. ఇంకా పెద్దామె, ముక్కు మీదికి జారిన అద్దాలు. వయన్ వాళ్ళ భాషలో మా సంగతి చెప్పాడు. ఆమె చాప జరిపింది. అత్తమ్మ ఎదురుగా కూర్చుని కళ్ళు చికిలించింది, తల దగ్గరికి పెట్టింది, దూరం పెట్టింది.

"కనబడ్తుందా అత్తమ్మా?"

"ఎరుపు కనబడ్తుంది. నలుపు కనబడ్తుంది. పోగు కనబడ్తలేదు బిడ్డా."

అయినా అత్తమ్మ ఆగలేదు. పక్కన ఉన్న నూలు చుట్ట ఎత్తి ముక్కుకు ఆనించుకుంది.

"నూనె! సుజాతా, నూనె పట్టిచ్చిండ్రే. బూడిద నీళ్ళు, నూనె. మా అమ్మ తేలియా రుమాలుకు గిట్లనే చేస్తుండె!"

తేలియా రుమాలు మా వైపు నేసే పాత రకం గుడ్డ. ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి ఎరుపు, నలుపు అద్దుతారు. ఎన్ని ఉతుకులకూ ఆ నూనె వాసన పూర్తిగా పోదు. ఇక్కడ వాళ్ళ అడవి కాయల నూనె వేరు, బూడిద వేరు. పని ఒకటే. వయన్ ఈ మాట చెప్పగానే ముసలామె అత్తమ్మ కుడిచెయ్యి పట్టుకుని తను కడుతున్న నూలు మీద పెట్టింది. అత్తమ్మ వేళ్ళు కట్టు మీద కట్టు తడుముకుంటూ వెళ్ళాయి. ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి.

తర్వాత బొడ్డుసంచి విప్పింది. రసీదులు, పాస్‌పోర్టులు ఒడిలో పడేసి రబ్బరు చుట్ట తీసింది. అక్కడివాళ్ళు కట్టేది ఎండు ఆకు నారతో. రబ్బరు చూసి ముసలామె సాగదీసి, వదిలి, చిన్నపిల్లలా నవ్వింది. విడిగా ఉన్న నాలుగు పోగులు అత్తమ్మకు ఇచ్చింది. అత్తమ్మ వాటి వైపు చూడనే లేదు. ఎటో వీధిలోకి చూస్తూ రెండు వేళ్ళతో చుట్టి, పంటితో పట్టి లాగి కట్టేసింది. ముసలామె ఆ కట్టును గోరుతో తోసింది. కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. కదల్లేదు.

ఆమె ఏదో అంది. వయన్ తిప్పి చెప్పాడు. "దీని లోపలికి రంగు పోదు అంటోంది. ఎన్నేళ్ళ నుంచి కడుతున్నావని అడుగుతోంది."

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. "నలభై ఏండ్లు" అంది అత్తమ్మ. వేళ్ళతో నాలుగు చూపించింది. ముసలామె తన రెండు చేతుల వేళ్ళూ ఐదుసార్లు తెరిచి మూసింది. యాభై. ఆ తర్వాత తన కళ్ళద్దాలు తీసి అత్తమ్మ ముఖానికి పెట్టింది.

"తల తిరుగుతుంది" అంది అత్తమ్మ. నేను తీయబోయాను. "ఉండనీ. తియ్యకు. కనబడ్తుంది."

రెండు గంటలు అక్కడే కూర్చుంది. అద్దాలు ఒక్క జత. అవి అత్తమ్మ దగ్గరే ఉన్నాయి, ముసలామె చూడకుండానే కట్టింది, అత్తమ్మ ఆ చేతులు చూసింది. నేను కంటినిండా ఇద్దరినీ చూశాను. వచ్చేటప్పుడు ముసలామె నా పోచంపల్లి చీర కొంగు పట్టుకుని తిరగేసింది. వెనక వైపు చూసి తలూపింది. నాకు అంతకంటే పెద్ద శాలువా అక్కర్లేదు. జానెడు గుడ్డ ఒకటి కొన్నాం, వెల ఎక్కువే, బేరం ఆడలేదు. రబ్బరు ముక్కలు సగం అక్కడ వదిలేసి, ఆకు నార ఒక కట్ట, ఆమె ఇచ్చిన నాలుగు నూలు పోగులు తెచ్చుకున్నాం.

మిగిలిన రెండు రోజులూ సముద్రం, గుళ్ళు, కెతుత్ వండిన అన్నం. వాటి గురించి అందరూ రాస్తారు. శనివారం సాయంత్రం తిరుగు విమానం.

ఆదివారం పొద్దున హైదరాబాదులో దిగి ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాం. అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళే ఆయన ఒకరు మా పెట్టెల మీద చీటీలు చూసి, "బాలిల మోసాలు ఎక్కువంట గదమ్మా?" అని అడిగాడు.

"అక్కడ అద్దాలు పోయినయి, నాలుగు నోట్లు పోబోయినయి. పెద్ద మోసం దిల్‌సుఖ్‌నగర్‌ల అయింది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మీకు అర్థమైతే చాలు. పరాయి దేశంలో ప్రతి చేతినీ అనుమానంగా చూసే మనం, ఇంటి పక్కన వదినా అని పిలిచినవాడి ముందు కళ్ళు మూసుకుంటాం. వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. మనవాడైనా సరే కాగితం అడిగి వెళ్ళండి.

ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కాం. మా స్టేషను చైతన్యపురి. తలుపులు తెరుచుకున్నాయి. నేను పెట్టె పట్టుకుని లేచాను. అత్తమ్మ లేవలేదు.

"మన స్టేషన్ వచ్చింది అత్తమ్మా."

"ముందటి స్టేషన్ల దిగుదాం" అంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. టిఫిన్ సెంటర్ పక్క మెట్లు పెట్టెలతో ఎక్కేసరికి నాకు రొప్పు వచ్చింది. ఆఫీసు తెరిచే ఉంది. సోఫాలో ఒక భార్యాభర్తా కూర్చుని ఉన్నారు, ఆయన చేతిలో కవరు. ఏజెంటు మా వైపు వీపు పెట్టి వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"నల్లగొండ దిక్కా? అరె, మా అమ్మమ్మది కూడ గదే ఊరు! పోచమ్మ గుడి పక్క సందుల మూడో ఇల్లు."

మా వైపు పోచమ్మ గుడి లేని ఊరు ఉందా? నాకు అప్పుడు వెలిగింది.

"గన్ని ఊర్లల్ల మూడో ఇల్లు మీ అమ్మమ్మదేనా బిడ్డా?" అంది అత్తమ్మ, గుమ్మంలోంచి.

అతను తిరిగి చూశాడు. నవ్వబోయాడు. "వదినా, నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అయింది, నేనే ఫోన్ చేద్దామనుకున్న. ఒక్క పది రోజులు టైమ్ ఇయ్యండ్రి, అంతా సెటిల్ చేస్త" అన్నాడు.

అత్తమ్మ వెళ్ళి సోఫాలో ఆ నల్లగొండ ఆమె పక్కన కూర్చుంది. "ఏ దేశం పోతున్నరు తల్లీ?"

"సింగపూర్ అవ్వా."

"పోండ్రి. మంచిగ పోండ్రి. నేను బాలి పోయొచ్చిన. గీన చేతుల పైసలు పెట్టకముందు కాయితం రాయిచ్చుకోండ్రి, హోటల్‌కు మీరే ఫోన్ చేయిండ్రి."

ఆ భర్త కవరు జేబులో పెట్టుకున్నాడు. ఏజెంటు గొంతు మారింది. "అమ్మా, ఆఫీసుల గిట్ల కూసుంటే ఎట్ల? గిరాకీలొస్తరు. మీరు ఇంటికి పోండ్రి."

అత్తమ్మ బొడ్డుసంచి విప్పింది. పోలీసు కాగితం, కెతుత్ రసీదు, బ్యాంకు రసీదు ఒక్కొక్కటే టీపాయ్ మీద పరిచింది. తర్వాత ఆ నాలుగు పోగులు తీసి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, తెంగనన్ ఆకు నారతో చిటికి కట్టడం మొదలుపెట్టింది.

"నలభై ఏండ్లు ఒక్క కాడ కూసోని కట్టిన బిడ్డా" అంది తల ఎత్తకుండానే. "కూసునుడు నాకు కొత్త గాదు."